ఎక్కడ చనిపోయాడో రాయండి

సెప్టెంబర్ 3, బుధవారం. విజయనగరం.

ఊరి నుంచి త్రినాథ్ వచ్చాడు. హవల్దారుగా రిటైరై పదేళ్ళు దాటినా ఇంకా కవాతు నడకే. మాజీ సైనికుల సంఘానికి ఇప్పుడు ఆయనే అధ్యక్షుడట. చెప్పులు గుమ్మం బయట గీత గీసినట్టు జంటగా విడిచి, కుర్చీ అంచున కూర్చుని ఒక కాగితం నా చేతికిచ్చాడు.

నా తమ్ముడు జగన్నాధానికి విగ్రహం చేయించారు. వాడు పోయిన రోజున, అక్టోబర్ పందొమ్మిదిన, నిలబెడతారట. అందుకు నరసన్నపేట వైపు హైవే పక్కనున్న నా అయిదు సెంట్లు కావాలి. నాన్నగారి పొలంలో నా వాటాకు మిగిలిన ముక్క అది. స్థలం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కాగితం మీద ఉన్న వాక్యానికి ఉంది.

"దేశ సరిహద్దులను కాపాడుతూ శత్రువులతో పోరాడి అమరుడైన వీరజవాను."

ముప్ఫైయొక్క సంవత్సరాలు రాజనీతిశాస్త్రం బోధించిన చేయి ఊరుకోదు. ఎర్ర కలం తీసి 'సరిహద్దు' అన్న మాట చుట్టూ సున్నా చుట్టాను.

"ఏ సరిహద్దు త్రినాథ్? మన సరిహద్దు రామేశ్వరం దగ్గర ఆగిపోయింది. వాడు సముద్రం దాటి జాఫ్నాలో పోయాడు. ఆ నేల మనది కాదు. ఆ యుద్ధం మనది కాదు. ఆ శత్రువు అంతకు రెండు వారాల ముందు వరకు మన శత్రువూ కాదు."

"అలగ రాస్తే బాగోదు మేడమ్‌గారూ. ఇగ్రహం కింద అలాటియి రాయరు."

"అబద్ధమైతే రాస్తారా?"

"సచ్చిపోయినోడికి అబద్ధమేటి, నిజమేటి. గౌరవం గానీ."

వాక్యం మారితే స్థలం, మారకపోతే లేదు అని చెప్పాను. కాఫీ సగం వదిలేసి లేచాడు.

1987లో సైన్యాన్ని శ్రీలంకకు పంపినప్పుడే అది తప్పని నాకు తెలుసు. జగన్నాధాన్ని వెళ్ళవద్దని నేను అప్పుడే అన్నాను.

సెప్టెంబర్ 4

ఫోన్ రాలేదు. మంచిదే.

సెప్టెంబర్ 9, మంగళవారం

పత్రికకు వ్యాసం మొదలుపెట్టాను. ఈ గొడవ మా ఊరి గొడవ కాదు. సైన్యం దేశం దాటడమన్నది ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఒక గదిలో కూర్చుని తేల్చే వ్యవహారంగా మన దగ్గర నడుస్తోంది. చట్టసభ ఓటు వేయనక్కరలేదు. ఎప్పుడు తిరిగి వస్తారో ఎవరూ చెప్పనక్కరలేదు. వెళ్ళినవాడు ఎవరి తరఫున వెళ్ళాడో వాడికే తెలియనక్కరలేదు. శాంతి కాపాడమని పంపారు, శాంతి ఒప్పందం మీద సంతకం కూడా చేయని తమిళ తిరుగుబాటుదారులతో పోరాడమన్నారు, మూడేళ్ళ తర్వాత పిలిచినవాళ్ళే పొమ్మంటే వచ్చేశారు. వెయ్యిమందికి పైగా రాలేదు.

'సైన్యం ఇల్లు కాపాడడానికి. పెత్తనానికి కాదు' అని రాసి కొట్టేశాను. నినాదంలా ఉంది. మళ్ళీ ఉంచాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఊరు వెళ్ళి వచ్చాను. బస్సులో నడుము విరిగింది. ఎవరి చేయీ పట్టుకోకుండానే దిగాను.

విగ్రహం నీలవేణి అరుగు మీద ఉంది. నీలవేణి నా తమ్ముడి భార్య. పెళ్ళయిన పద్నాలుగు నెలలకే వాడు పోయాడు. ఆ ఇంట్లోనే ఉంటోంది. మేమిద్దరం చావులకూ పెళ్ళిళ్ళకూ తప్ప మాట్లాడుకోము.

సిమెంటు జవాను. చేసినవాడి దగ్గర జవాన్లందరికీ ఒకటే అచ్చు కాబోలు. చేతిలో తుపాకి, గడ్డం కింద పట్టీ, కొమ్ములు తిరిగిన మీసం. జగన్నాధం వైర్‌లెస్ ఆపరేటరు. వాడికి మీసం సరిగా మొలవనే లేదని సిగ్గుపడి నున్నగా గీసుకునేవాడు. ముఖంలో ఒక్క చెవులే వాడివి.

పాదాల దగ్గర స్టీలు గ్లాసుతో టీ. పైన మీగడ కట్టింది.

"ఇదేమిటి నీలవేణీ?"

"టీ."

"సిమెంటుకా?"

"నీకు సిమెంటు. ఏటి కావాలి వదినా, ఎండలో ఒచ్చినావు."

వాక్యం సంగతి వివరించాను. సరిహద్దు, సార్వభౌమత్వం అన్నీ. చేటలో చింతపండు గింజలు తీస్తూ విన్నది. పక్కింటి బుల్లమ్మ గోడ మీంచి తల పెట్టి ఆమె కూడా విన్నది.

"ఆళ్ళు ట్రంకుపెట్టి పంపినారు," అంది నీలవేణి చివరికి. "మనిషిని అక్కడే కాల్చేసినారంట. పెట్టిలో రెండు చొక్కాలు, గడ్డం గీసుకునేది, నాను రాయించిన ఉత్తరాలు. గడ్డితో బొమ్మ సేసి దానికి నిప్పెట్టించినారు పంతులు. నాను గడ్డి కోసం ఏడవాలా? ముప్పైఎనిమిదేళ్ళకి మనిషి ఒచ్చినాడు. రాత ఏటైనా రాసుకోండి మీరూ మీరూ. మనిషిని నిలబెట్టనియ్ వదినా."

"తప్పుడు మాట మీద నిలబెడతావా వాణ్ణి?"

"మంచి మాట మీద పడుకోబెట్టమంటావా?"

గోడ అవతల బుల్లమ్మ నవ్వింది. నేను బస్సుకు లేచాను.

సెప్టెంబర్ 15

చదువు లేని మనిషికి భావన బోధపడదు, వస్తువే బోధపడుతుంది. తప్పు ఆమెది కాదు.

అయినా ఆ చివరి మాట ఆమె అనవలసింది కాదు.

సెప్టెంబర్ 22, సోమవారం

త్రినాథ్ ఫోన్ చేశాడు. స్థలం సంగతి తేలకపోతే పంచాయతీ ఆఫీసు ముందు పెడతామని బెదిరింపు. అక్కడ మురుగు కాల్వ ఉంది, పెట్టుకోండి అన్నాను. అప్పుడు వాదనలోకి దిగాడు. దిగడమే నాకు కావాలి.

"సునామీ ఒచ్చినప్పుడు మన నేవీ ఎల్లి ఆళ్ళని ఆదుకోలేదా మేడమ్‌గారూ? మాల్దీవుల్లో ఒక్క పూటలో కుట్ర అణిసేసి రాలేదా? అన్నిటికీ ఇంట్లోనే కూకుంటే పెద్ద దేశమెలగవుతాది?"

"వెళ్ళారు, పని చేశారు, వచ్చారు. నేనడిగేదీ అదే. ఏ పనికో, ఎన్నాళ్ళకో చెప్పకుండా ఎందుకు పంపాలి? చెప్పలేని పనికి వెళ్ళకూడదు."

"పొరుగోడి కొంప అంటుకుంటే ఎన్నాళ్ళకారుతాదని అడిగి నీళ్ళు పోస్తామేటి? నిప్పుకి గోడ తెలీదు. ఇయ్యాల ఆడి కప్పు, రేపు మన కప్పు."

"ఈ ఉపమానం ఎవరు నేర్పారు నీకు?"



"మీరే. ఎనభైఏడు పంద్రాగస్టుకి మన హైస్కూల్లో. నాను టెన్త్. మీరు తెల్ల చీర కట్టుకొని మైకులో సెప్పినారు, నిప్పుకి గోడ తెలీదని. మర్సిపోయినారా? ఆ మాట ఇనే నాను భర్తీకెల్లినాను."

నేను ఫోన్ పెట్టేశాను.

మనుషులు జ్ఞాపకాలను తమకు కావలసినట్టు కల్పించుకుంటారు. నేను అప్పుడే వద్దన్నాను.

సెప్టెంబర్ 23

నేను అప్పుడే వద్దన్నాను.

సెప్టెంబర్ 27, శనివారం

సరే. మాట్లాడాను. ఆ ఆగస్టులో దేశమంతా అలాగే మాట్లాడింది. ఒప్పందం కుదిరింది, మనవాళ్ళు శాంతి నెలకొల్పడానికి వెళ్ళారు అని ప్రతి పత్రికా రాసింది. ముప్ఫైయేడేళ్ళ లెక్చరరును ముఖ్య అతిథిగా పిలిస్తే నేను మాత్రం ఏం చెబుతాను? ఉపన్యాసం ఆజ్ఞ కాదు. విన్నవాళ్ళంతా వెళ్ళలేదు.

వ్యాసం పంపేశాను.

అక్టోబర్ 3, శుక్రవారం

వ్యాసం వచ్చింది. నాలుగో పేజీలో, ఫొటోతో. ఒక్క వాక్యం కూడా కత్తిరించలేదు. పాత విద్యార్థినులు ఇద్దరు ఫోన్ చేశారు. పద్మకుమారి, ఇప్పుడు ఆమె ప్రిన్సిపాల్, 'ఆ చివరి పేరా చదివి కళ్ళు చెమర్చాయి మేడమ్' అంది.

చివరి పేరాలో జగన్నాధం గురించి నాలుగు మాటలు రాశాను. వాదనకు మనిషి ముఖం ఉండాలి. నేను ఎప్పుడూ క్లాసులో చెప్పేదే.

అక్టోబర్ 7, మంగళవారం. అమ్మవారి సిరిమాను జాతర రోజు.

వీధిలో ఆటోలు లేవు. నీలవేణి కోట దగ్గర నుంచి జనంలో నడిచి వచ్చింది. కొంగు తడిసిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. సంచిలోంచి మడత పెట్టిన పత్రిక తీసి బల్ల మీద పరిచింది.

"ఇది నువ్వు రాసినావా వదినా?"

"నా పేరుంది కదా."

"బుల్లమ్మ కోడలు సదివి ఇనిపించినాది. 'ఎళ్ళొద్దని నా తమ్ముడి సెయ్యి పట్టుకొని బతిమాలాను' అని ఉన్నాదట. ఎవులి సెయ్యి పట్టుకున్నావు?"

పత్రికలో స్థలాభావం వల్ల కొన్ని విషయాలు కుదించి రాయవలసి వస్తుందని చెప్పాను. నా నోటి నుంచి ఈ మాట వచ్చింది. రాసుకుంటున్నాను.

"నాను వంటింట్లోనే ఉన్నాను. అత్త నరసన్నపేటెల్లి డాట్రు కాయితం తెచ్చినాది. కామెర్లు, పదిహేన్రోజులు లేవకూడదని. సెలవు మీదున్నోణ్ణి తిరిగొచ్చేయమని టెలిగ్రాం ఇచ్చినోళ్ళకి అది పంపేస్తే సాలన్నాది. ఆ కాయితం సింపిందెవులు వదినా?"

మంచినీళ్ళు తెమ్మని పనిమనిషి చిన్నతల్లిని పిలిచాను. ఆమె ఉత్సవానికి సెలవు పెట్టిందని గుర్తొచ్చింది.

"నీళ్ళొద్దు. సెప్పు."

నేను బల్ల మీది పత్రిక అంచు సరిచేశాను.

"ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. పెద్దదానివని, సదువుకున్నదానివని, నీకూ లోపల ఉంటాది కదా అని. ఉన్నాదో నేదో నాకెందుకు. సెప్పకపోతే పోయినావు. అబద్ధం అచ్చెందుకెయ్యించినావు? ఆడు అక్క మాట ఇనకుండా ఎల్లి సచ్చినాడని జనం అనుకోవాలా? ఆడు నీ మాట ఇనే సచ్చినాడు."

పత్రిక మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "అమ్మోరు కదిలే ఏళయింది. సూసుకోవాల" అని మెట్లు దిగింది.

సిరిమాను కదిలినప్పటి కేక ఇంట్లోకి వినిపించింది. నేను కిటికీ మూశాను.

అక్టోబర్ 8

అమ్మ ఆ కాగితం తెచ్చిన రోజు ఉదయం జగన్నాధం పెరట్లో స్నానానికి నీళ్ళు కాచుకుంటున్నాడు. నేను దసరా సెలవులకు ఊళ్ళో ఉన్నాను. అమ్మ కాగితం చూపించి, 'నువ్వు ఇంగ్లీషులో కవరు మీద అడ్రసు రాసిపెట్టమ్మా' అంది. అంతే అడిగింది. చిరునామా.

నేను చదివాను. చించాను. నాలుగు ముక్కలు చేసి నీళ్ళ పొయ్యిలో వేశాను. 'వాడు ఎందుకెళ్ళాలమ్మా?' అన్న అమ్మను 'నీకు తెలియదు, ఊరుకో' అన్నాను. వాడు చూస్తున్నాడు. వాడు వెళతాననలేదు, వెళ్ళననలేదు. నన్ను 'అప్పా' అని పిలిచి, 'నీలవేణికి నెలలు' అన్నాడు. అప్పటికి మూడో నెల. ఆ తర్వాత నిలవలేదు.

'రేపు నా విద్యార్థుల ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను? ఆడదానిలా ఇంట్లో దాక్కుంటావా?' అన్నాను.

ఆడదానిలా. ఆడపిల్లల కాలేజీలో పాఠం చెప్పే మనిషి అన్న మాట ఇది. పెళ్ళి వద్దని, ఎవరి అన్నమూ తిననని, నా కాళ్ళ మీద నిలబడిన మనిషి.

వాడు స్నానం చేసి, ఆమదాలవలస స్టేషనుకు నాతోనే వచ్చి, మద్రాసు మెయిలెక్కాడు. నా చేయి పట్టుకున్నది వాడు. పెట్టె పైకి అందించమని.

కాగితంలో పదిహేను రోజులని ఉంది. వాడు పన్నెండో రోజున పోయాడు.

అక్టోబర్ 10, శుక్రవారం

రాత్రంతా నిద్ర లేదు గాని తెల్లవారేసరికి వాక్యం సిద్ధమైంది. ఇంతకన్న నిజాయితీగా ఏ ఫలకమూ ఉండబోదు:

"జగన్నాధం. తనది కాని యుద్ధంలో, తనది కాని నేల మీద, దేశం పంపగా, అక్క కుసుమకుమారి మాట కాదనలేక వెళ్ళి మరణించాడు."

నాలుగుసార్లు చదివాను. ఒక్క అక్షరం ఎక్కువ లేదు. దేశాన్నీ నన్నూ ఒకే వాక్యంలో నిలబెట్టాను. చదివినవాళ్ళు ఆగిపోతారు.

అక్టోబర్ 12, ఆదివారం

ఊళ్ళో, అరుగు మీద, ముగ్గురమే. నేను, నీలవేణి, త్రినాథ్. నేను నిలబడి చదివాను. త్రినాథ్ నేలచూపులు చూశాడు. నీలవేణి ఇంకోసారి చదవమంది. చదివాను.

"నీ పేరెందుకు అందులో?"

"నిజం కనుక."

"ఆడి రాయి మీద నీ పేరా? ఒచ్చినోళ్ళంతా ఏటంటారు, ఎంత గొప్ప మనిషి, ఒప్పుకున్నాది అంటారు. ఆడి కింద కూడా నువ్వే నిలబడతావా వదినా?"

నేను కూర్చున్నాను. ఎవరూ కుర్చీ చూపించలేదు, అరుగు మీదే.

"ఒప్పుకోవాలనుంటే పేపర్లో ఒప్పుకో. అబద్ధం అక్కడే కదా రాసినావు. రాయి జోలికి రాకు."

"మరి ఏం రాయమంటావు?"

ఆలోచించలేదు. ముందే తేల్చుకున్నట్టుంది. "పేరు. పుట్టిన తారీకు. పోయిన తారీకు. ఎక్కడ పోయినాడో ఆ ఊరు, ఆ దేశం. అంతే."

త్రినాథ్ తల ఎత్తాడు. "అలగ వొట్టిగా ఇడిసేస్తే ఎలగ నీలవేణక్కా? పైదేశం పేరు సూస్తే జనం అడగతారు, అక్కడికెందుకెల్లినాడని."

"అడగనీ. నానూ అడగతన్నాను, ముప్పైఎనిమిదేళ్ళై."

స్థలం కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. నా వాక్యం మడిచి చేతిసంచిలో వేసుకున్నాను. మంచి వాక్యమది. ఇప్పటికీ అనిపిస్తోంది.

అక్టోబర్ 15, బుధవారం

పత్రికకు సవరణ పంపాను. 'నా తమ్ముడిని వెళ్ళవద్దని బతిమాలానన్నది అబద్ధం. వెళ్ళమని నేనే ఒత్తిడి చేశాను. వెళ్ళకుండా ఉండే దారి నా చేతులతో మూశాను.' ఉపసంపాదకుడు ఫోన్ చేశాడు. కుర్ర గొంతు.

"దీనివల్ల మీ వాదన బలహీనపడుతుంది కదా మేడమ్. ఎవరూ పట్టించుకోరు, వదిలేయండి."

"నా వాదన అలాగే ఉంటుంది బాబూ. బలహీనపడేది నేను. వేయండి."

అలాగే ఉందా? ఉంది. సముద్రం దాటించే ముందు దేశం కారణం చెప్పాలి, గడువు చెప్పాలి, ప్రజల ప్రతినిధుల చేత చేయెత్తించాలి. ఇందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కాని చేయెత్తమన్నప్పుడు అందరికన్న ముందు ఎత్తి ఉండేదాన్ని నేనే. ఆ సంగతి వ్యాసంలో రాయలేదు. రాయడం నాకు తెలియలేదు.

అక్టోబర్ 18

ఏడో పేజీలో, అడుగున, రెండు వాక్యాలు. మూడోది కత్తిరించారు. పద్మకుమారి ఫోన్ చేయలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

నిలబెట్టారు.

త్రినాథ్ పాత యూనిఫారం మీద పతకాలు పెట్టుకుని వచ్చాడు. మైకులో మళ్ళీ సరిహద్దులే అన్నాడు. నేను లేవబోయాను. నీలవేణి నా వైపు చూడకుండానే, "మాటే కదా, గాలికి పోతాది, కూకో" అంది.

ఆమె విగ్రహం ముసుగు తీసింది. నాలుగు వరసల నల్లరాయి. కడపటి వరసలో: జాఫ్నా, శ్రీలంక.

బుల్లమ్మ మనవడు వచ్చే నెల ఆర్మీ పరుగు పరీక్షకు వెళుతున్నాడట. వాడి పేరున కొట్టడానికి బుల్లమ్మ కొబ్బరికాయ పట్టుకుని ముందు వరసలో నిలబడింది. కోడలు ఫలకం పైకి చదివింది. బుల్లమ్మ, "అదెక్కడ?" అంది.

"సముద్రం అవతల," అన్నాడు త్రినాథ్.

"మనది కాదేటి?"

"కాదు."

"మరి మనది కానికాడికి ఈ బాబెందుకెల్లినాడు?"

"ఆర్డరొచ్చింది పెద్దమ్మా. ఆర్డరొస్తే ఎల్లాల."

"అయితే మావోణ్ణీ అలగే పంపుతారేటి? ఎందుకో సెప్పకుండా?"

త్రినాథ్ చేతిలోని మైకు దించాడు. అది ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె మాట రోడ్డు దాకా వినిపించింది. రోడ్డు మీద ఒక లారీ వెళ్ళిపోయింది. బుల్లమ్మ అందరివంకా చూసి, చివరికి నా వైపు తిరిగింది.

"నువ్వు పాఠాలు సెప్పినదానివి కదమ్మా. ఈయన్ని పంపినప్పుడు ఎందుకని ఎవులూ అడగలేదా?"

నీలవేణి ఈసారి నా వైపే చూస్తోంది. సాయానికి కాదు.

"మా అమ్మ అడిగింది," అన్నాను. "నేను ఆమె నోరు మూయించాను."

మైకు నా దగ్గర లేదు. కాని ముప్ఫైయొక్క సంవత్సరాల క్లాసుగది గొంతు నాది. అందరికీ వినిపించింది. నేను ఇంకేదో చెప్పాలనుకున్నాను. రాజనీతి గురించి, పార్లమెంటు గురించి, అన్నీ తెలుసు నాకు. నోటికి రాలేదు.

బుల్లమ్మ చాలాసేపు ఫలకం వైపు చూసింది. ఆమెకు చదవడం రాదు. కొబ్బరికాయ కొట్టలేదు. చంకలో పెట్టుకుని, "ముందు అడిగొత్తాను" అంటూ ఇంటి వైపు నడిచింది. ఎవరిని అడుగుతుందో చెప్పలేదు.